పన్నెండు బొమ్మల సెట్టు

పాత అచ్చుబొమ్మలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాగని చూడకుండానూ ఉండలేను. పంతొమ్మిదో శతాబ్దంలో మన దగ్గర కొలువు చేసిన ఇంగ్లీషు దొరలు తమ దేశానికి పట్టుకుపోయిన బొమ్మల సంగతి చెబుతున్నాను. మంగలి, చాకలి, కుమ్మరి, కల్లు గీసే మనిషి, నీళ్లు మోసే మనిషి, పాములాడించే మనిషి. ఒక్కో కాగితం మీద ఒక్కరు, లేదంటే మొగుడూ పెళ్లాలు ఇద్దరు. వెనక ఊరుండదు, ఇల్లుండదు. కాళ్ల కింద చారెడు నేల, దాని మీద కాస్త నీడ. చేతిలో పనిముట్టు. అడుగున వంకర్లు తిరిగిన అందమైన రాతలో కులం పేరు. ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఇవి విడివిడిగా కాకుండా పన్నెండేసి బొమ్మల సెట్లుగా అమ్ముడుపోయేవి. దొరసాని వాటిని ఆల్బంలో అంటించుకుని, ఇంటికొచ్చిన చుట్టాలకు పేజీ తిప్పి తిప్పి చూపించుకునేది. సీతాకోకచిలుకలకు గుండుసూది గుచ్చి అట్టకు పెట్టుకున్నదీ ఆ ఇళ్లలోనే.

మొదటిసారి వాటిని హైదరాబాదులో చదువుకునేటప్పుడు కాలేజీ లైబ్రరీలో చూశాను. నేను చదివింది అచ్చుబొమ్మల చదువే. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ముందు కనిపించింది మనుషులు కాదు, గీత. నున్నగా సానబట్టిన రాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ వేస్తారు. రాయిని తడిపి, ఇంకు పూసిన రోలరు దొర్లిస్తే జిడ్డు ఉన్నచోటే ఇంకు పట్టుకుంటుంది, తడి ఉన్నచోట జారిపోతుంది. పైన కాగితం పెట్టి నొక్కితే బొమ్మ. తర్వాత ఎవరో వరసగా కూర్చుని, పంచెకు తెలుపు, తలపాగాకు ఎరుపు చేత్తో పూస్తారు. ఆ నూలుపోగంత గీతలు చూసి నేను రెండు రోజులు అన్నం మానేసినంత పని చేశాను.

మూడో రోజు బుద్ధి పుట్టి ఒక పని చేశాను. పల్చటి ట్రేసింగు కాగితం మీద చాకలి ముఖం దించుకుని, మంగలి ముఖం మీద పెట్టాను. సరిగ్గా అతికింది. కుమ్మరి మీద పెట్టాను. ముక్కు, కళ్లు, మీసం, అన్నీ అవే. ఆ బొమ్మలు వేసినవాడు పన్నెండు మంది మనుషులను చూడనే లేదు. ఒక్క ముఖం వేసి పెట్టుకున్నాడు, కత్తి ఇచ్చి మంగలి అన్నాడు, మూట ఇచ్చి చాకలి అన్నాడు. వాళ్ల దేశంలో చీపుళ్లమ్మేవాళ్లను, పొగగొట్టాలు దులిపేవాళ్లను కూడా ఇట్లాగే సెట్లు కట్టి అమ్ముకున్నారని తర్వాత చదివాను. చదివాక కోపం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. ఎందుకంటే నేను ఆ మూట బొమ్మ ఇంట్లో పుట్టినదాన్ని.

మా అవ్వ, అంటే మా అమ్మ, కరీంనగర్ దగ్గర ఒక పల్లెలో ఊరి బట్టలుతికింది. పుట్టింట్లో ఉతికింది, పెళ్లయి వచ్చి అత్తింట్లో ఉతికింది. పురుటింటి గుడ్డలు, రోగంతో మంచాన పడ్డవాళ్ల దుప్పట్లు, వేరే ఎవరూ ముట్టనివన్నీ ఆమె చేతిలోకే వచ్చేవి. పొద్దుగూకితే గిన్నె పట్టుకుని ఇంటింటికీ అన్నానికి పోవాలి. ఒక ఇంట్లో పప్పు, ఇంకో ఇంట్లో పుంటికూర, మరో ఇంట్లో నిన్నటి పులుసు, అన్నీ ఒకే గిన్నెలో పడేవి. మా అన్నయ్య కడుపులో ఉన్నప్పుడు ఆ వాసనకు వాంతులు చేసుకుంటూనే తినేదాన్నని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారే చెప్పింది.

బాపుకు, అంటే మా నాన్నకు, బొగ్గుబాయిలో నౌకరీ దొరికి మందమర్రికి వచ్చాక ఆమె ఇంకో మనిషి అయింది. కంపెనీ కాలనీలో ఒక్కో ఇంటివాళ్లది ఒక్కో ఊరు. ఎవరి ముందు సంగతి ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లకు "మాది కరీంనగర్ దిక్కు" అని చెప్పి మాట తిప్పేసేది. బాపు బాయి నుంచి వచ్చి విప్పిన బట్టలు నల్లగా, మందంగా ఉండేవి. వాటిని బాత్రూం తలుపు వేసుకుని ఉతికేది. బండకేసి కొడితే ఆ చప్పుడులో చేతి అలవాటు బయటపడుతుందని చేత్తోనే పిసికేది. ఆరేసేది కూడా ఇంట్లోనే, రెండు మేకుల మధ్య తీగ కట్టి. వానాకాలం మా ఇంట్లో తడి బట్టల ముక్కవాసన పోయేది కాదు. ఇరుగు పొరుగు వాకిట్లో దండెం మీద చీరలు ఎగురుతుంటే, మాది మాత్రం ఏ గుడ్డా బయటికి రాని ఇల్లు. చిన్నప్పుడు నాకు ఇది పిచ్చి అనిపించేది. ఆమెకు అది పరువు. ఆ కులం పేరుతో తనను ఎవరూ మళ్లీ పిలవకుండా నలభై ఏళ్లు కాపాడుకుంది.

ఇక నా సంగతి. మా ఆయన ఉద్యోగం నిర్మల్లో కావడంతో నేనూ అక్కడే ఒక గది అద్దెకు తీసుకుని చిన్న ప్రెస్సు పెట్టుకున్నాను. నిర్మల్లో బొమ్మ అంటే పొణికి అనే తేలికైన చెక్కతో చేసి రంగులేసిన బొమ్మే. నా గదిలోకి వచ్చినవాళ్లు సీతాఫలం బొమ్మ ఉందా, జామకాయ బొమ్మ ఉందా అని అడిగి, లేదంటే మొహం అదోలా పెట్టి పోయేవారు. నల్ల ఇంకుతో కాగితం మీద కొట్టిన బొమ్మ ఎవరికి కావాలి? అట్లాంటి రోజుల్లో ఒకాయన వచ్చాడు. ఇచ్చోడ దగ్గర హైవే పక్కన కొత్తగా పెద్ద హోటలు కట్టాడు. చాలా ఏళ్లు దుబాయిలో ఉండి వచ్చిన మనిషి, మాటలో మర్యాద ఉంది, నవ్వుమొహం.

"మేడం, మన హోటల్ల ఒక గోడ నిండ పాత బొమ్మలు గావాలె. గిట్లుంటయి జూడుండ్రి" అని ఫోను నా ముందు పెట్టాడు.

అవే. నేను లైబ్రరీలో చూసినట్టాంటి బొమ్మలే. నెట్లో ఎక్కడో దొరికినవి.

"పన్నెండు గావాలె. మన దిక్కు మనుషుల లెక్కుండాలె. తినెటోళ్లకు పాతకాలం ఫీలింగ్ రావాలె, సెల్ఫీలు దిగాలె."

"కింద కులం పేర్లెందుకన్నా? అవి లేకుంట చేస్త" అన్నాను.

"అసలు దాంట్ల ఉన్నయి గద మేడం. తీసేస్తె ఒరిజినల్ లెక్క ఎట్లుంటది? తిట్టు గాదు గద, వృత్తే గద."

ఆ రోజు చాయ్ తాగుతూ తన సంగతులు చెప్పాడు. అక్కడ పదేళ్లు పనిచేసినా వాళ్ల కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, ఈయన పేరు తెలియదట. "హిందీ అని పిలుస్తుండె మేడం, అంటె ఇండియావోడని. నేనొక్కన్నే గాదు, మా రూముల ఎనిమిది మందిమి హిందీలమే. ఎవనికి ఫోనొచ్చినా హిందీకి ఫోనొచ్చిందనెటోడు" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. పేరు లేకుండా పదేళ్లు బతికి వచ్చినవాడు, వచ్చీ రాగానే పన్నెండు మందికి పేర్లు లేకుండా గోడకెక్కిస్తున్నాడు. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే పని పోతుంది.

పని ఎందుకు ఒప్పుకున్నానో దాచుకోను. పన్నెండు బొమ్మలు కావాలని అంతకుముందు నన్నెవరూ అడగలేదు. గోడ నిండా నా పని కనబడుతుందంటే నాకు ఒళ్లు తెలియలేదు. పైగా తెలివి ఒకటి తట్టింది. ఆ పాత బొమ్మలు వేసినవాడు అందరికీ ఒకే ముఖం పెట్టాడు కదా, నేను ఒక్కొక్కరికీ ఒక్కో నిజమైన ముఖం పెడతాను. బట్టలు, పనిముట్టు, కింద అక్షరాలు అన్నీ అట్లాగే ఉంచి, ముఖం దగ్గర వాడి చెంప పగలగొడతాను. హోటలాయనకు ఆయన సెట్టు, నాకు నా పగ. ఇంత గొప్ప ఆలోచన చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

నిర్మల్ బస్టాండులో వారం రోజులు కూర్చుని ముఖాలు గీసుకున్నాను. మూటలు ఒళ్లో పెట్టుకుని బస్సుల కోసం కళ్లు కాయలు కాచిన ముఖాలు, ఆవలించే ముఖాలు, కండక్టరుతో పోట్లాడే ముఖాలు. పదకొండు దొరికాయి. పన్నెండోది, ఆయన చూపిన సెట్టులో మూట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషిది, బస్టాండులో వెతకలేదు. మందమర్రికి పోయాను.

"నీ బొమ్మ గీస్త అవ్వా, జర కూసో" అన్నాను. అబద్ధం కాదు కానీ నిజమూ కాదు.

ఆమె మొహం కడుక్కుని, బీరువాలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకుని, కమ్మలు పెట్టుకుని, గోడకు ఆనుకోకుండా నిటారుగా వచ్చి కూర్చుంది. బాపు పోయిన తర్వాత ఆ చీర కట్టడం అదే చూశాను.

"కండ్లద్దాలు తియ్యాల్నా?"

"నీ ఇష్టం."

"తీస్త. అద్దాలుంటె ముసల్దాని లెక్క కనవడ్త."

కాసేపటికి మళ్లీ తనే అంది. "పెద్దగ గియ్యి బిడ్డా. నేను పోయినంక గోడకు పెట్టను నా ఫోటో ఒక్కటి మంచిది లేదు. ఆధార్ కార్డులదైతె పోలీసులు పట్టుకున్న దొంగ లెక్కున్న. గది పెట్టకుండ్రి."

గీయడం అయ్యాక కాగితం చేతిలోకి తీసుకుని, అద్దాలు పెట్టుకుని, ఎంతసేపో చూసుకుంది. పక్కింటి పెద్దమ్మను పిలిచి చూపించింది. కాలనీలో ముప్పై ఏళ్లు పక్క క్వార్టరులో ఉండి, వాళ్లాయన రిటైరయ్యాక కూడా మా పక్కనే ఇల్లు కట్టుకున్న మనిషి ఆమె. "గీమె మంచిగున్నది. ఎవలింటి దొరసానో" అని పెద్దమ్మ అంటే ఇద్దరూ నవ్వుకున్నారు. ఫ్రేము కట్టించి తెస్తానని ఆ కాగితం నేను పట్టుకొచ్చేశాను. కట్టించలేదు. పని తొందరలో మరిచిపోయానని నాకు నేనే చెప్పుకున్నాను.

నిర్మల్ వచ్చి ఆ ముఖాన్ని లినో పలక మీదికి దించాను. లినో అంటే గచ్చు మీద పరిచే మందపాటి రెగ్జీను లాంటిది, ఉలితో చెక్కితే వెన్నలా తెగుతుంది. నుదుటి మీద ముడతలు మూడు, ఎడమ కనుబొమ చివర చిన్న తెంపు, బిగించిన పెదాలు. అంతా అవ్వే. ఆకుపచ్చ పట్టుచీర తీసేసి మోకాళ్ల పైకి దోపిన ముతక చీర కట్టాను. కమ్మలు తీసేశాను. నెత్తిన మూట పెట్టాను. నలభై ఏళ్ల కింద ఆమె దించుకున్న మూటను నెల రోజుల్లో మళ్లీ ఎత్తించాను. ఇదంతా గౌరవమని, ఆ పాత బొమ్మలో లేని ప్రాణం పోస్తున్నానని అనుకున్నాను. నా బుద్ధికి చెప్పు తీసుకుని కొట్టుకోవాలని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

చివరికి అక్షరాలు. అచ్చులో అక్షరం సరిగ్గా పడాలంటే పలక మీద ఎడమది కుడికి, కుడిది ఎడమకు చెక్కాలి. అలవాటున్నా తప్పులు పోతాయి. 'చాకలి స్త్రీ' అన్న రెండు మాటలకు నాకు ఒక పూట పట్టింది. వత్తు దగ్గర ఉలి జారితే మొత్తం పాడైపోతుందని ఊపిరి బిగబట్టి చెక్కాను. మొదటి అచ్చు తీసి చూస్తే అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. సంబరపడ్డాను కూడా.

హోటలు మొదలైన నెలకు అవ్వను, పక్కింటి పెద్దమ్మను కుంటాల జలపాతానికి తీసుకుపోయాను. తిరిగొచ్చేటప్పుడు అక్కడ తిందామని, నా పని చూపిస్తానని ముందే చెప్పాను. "నీ బొమ్మ గూడ ఉన్నది" అని కూడా చెప్పాను. ఆ మాటకు అవ్వ పొద్దున్నే ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. జలపాతం దగ్గర తడుస్తుందని నీళ్ల దరిదాపులకు రాలేదు. కింద అక్షరాల సంగతి నేను ఆలోచించలేదని చెబితే అది పచ్చి అబద్ధం. అవ్వ కాలనీలో వయోజనుల బడికి పోయి చదవడం నేర్చుకుంది, అది నాకు తెలుసు. ఫ్రేములు ఎత్తుగా ఉంటాయి, అక్షరాలు చిన్నవి, ఆమె కళ్లకు ఆనవులే అనుకున్నాను. నెత్తిన మూట ఎందుకని అడిగితే ఏం జవాబు చెప్పాలో కూడా దారిలో తయారుచేసుకున్నాను. ఇది కళ అవ్వా, నీకు అర్థం కాదు అనబోయాను.

లోపలికి పోగానే గోడ కనిపించింది. పన్నెండు ఫ్రేములు, మీద పసుపుపచ్చ దీపాలు. అవ్వ బొమ్మ పై వరసలో చివరన ఉంది. నేను అనుకున్నట్టే ఆమె కళ్లకు అంత దూరం ఆనలేదు. "ఏది బిడ్డా, నాదేది?" అంటోంది. తర్వాత చూపిస్తాను, ముందు కూర్చుందాం అన్నాను. కూర్చున్నాం. హోటలు మనిషి వచ్చి మా ముందు కాగితాలు పరిచాడు. పళ్లెం కింద టేబులు పాడవకుండా పరిచేవి. వాటి మీద నా కుమ్మరి ఉన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నా అచ్చులను ఫోటోలు తీసి, వేలకు వేలు వేరే ప్రెస్సులో కొట్టించాడు హోటలాయన. ఒక్కో టేబులుకు ఒక్కో బొమ్మ. ఎడమ పక్క టేబులు మీద కల్లు గీసే మనిషి మెడ దాకా సాంబారులో ఉన్నాడు. ఇంకో టేబులు మీద ఎవరో పిల్లకు అన్నం తినిపించి, కక్కిన ముద్దను పాములవాడి మీద తుడిచి పెట్టారు. మూల డ్రమ్ములో ఉండలు చుట్టి పడేసిన కాగితాలు. నూనె, మెతుకులు, ఉమ్మిన కరివేపాకు. బస్టాండులో నేను ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్న ముఖాలు. దొరసాని ఆల్బమే నయం, కనీసం చేతులు కడుక్కుని ముట్టుకునేది.

అవ్వ అప్పటికే కుడి పక్క టేబులు వైపు చూస్తోంది. అక్కడ నలుగురు తింటున్నారు, నలుగురి పళ్లేల కిందా ఆమే. మూడు పళ్లేలు ముఖాన్ని కప్పేశాయి. ఈ చివరన కూర్చున్నాయన పళ్లెం పక్కకు జరిగి ఉంది. ఆయన కోడికాలు చీకి, ఎముకను తీసి కాగితం మీద పెట్టాడు. సరిగ్గా ఆ మూడు ముడతల మీద.

అవ్వ సంచిలోంచి అద్దాలు తీసి పెట్టుకుంది. ముందుకు వంగింది. పెదాలు కదిలాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. పైకి చదవలేదు. పక్కింటి పెద్దమ్మ కూడా చూసింది. చూసి, తల దించుకుని నీళ్ల గ్లాసును అటూ ఇటూ జరపడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో ఒక్కనాడు అడగని మనిషి, అప్పుడూ ఏమీ అడగలేదు.

"ఎవలు రాసిండ్రు గది?" అంది అవ్వ, నాకు మాత్రమే వినబడేట్టు.

"హోటలాయన రాయించిండు."

"నా మొఖం ఆయనకు ఎవలిచ్చిండ్రు?"

నేను లేచి కౌంటరు దగ్గరికి పోయాను. జవాబు చెప్పాల్సి వస్తుందని పోయాను, ఆమె కోసం కాదు. అడుసు తొక్కినప్పుడు లేని తొందర కాలు కడుక్కోవడానికి వచ్చింది. హోటలాయన నన్ను చూసి సంతోషంగా లేచి నిలబడ్డాడు.

"కాయితాల మీద ఎందుకు కొట్టించినవన్నా? నన్నడగాల్నా వద్దా?"

"బాగలేవా మేడం? అందరు మస్తు మెచ్చుకుంటున్నరు."

"మూట బొమ్మవి తీసెయ్యి. గోడ మీదిది గూడ తీసెయ్యి."

"గట్లెట్ల మేడం? సెట్టు గద. ఒకటి తీస్తె పదకొండైతయి. గోడ బోసిపోతది."

"గామె మా అవ్వ" అన్నాను. గొంతు తగ్గించి అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. పాపం, నిజంగానే సంతోషపడ్డాడు. "ముందుగాల చెప్పద్దా మేడం? అమ్మ వచ్చిందా? ఏదీ? బొమ్మ కింద నిలవెట్టి ఫోటో దిగుదాం. ఒరిజినల్ మనిషే వచ్చిందని నెట్ల పెడ్దాం" అంటూ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆయన మీద ఉమ్మాలన్నంత రోత పుట్టింది. కానీ ఏమని ఉమ్మను? బొమ్మ నాది, ముఖం నేనిచ్చింది, అక్షరాలు నేను చెక్కినవి. ఆయన నేను చేసి ఇచ్చినదాన్నే ఎక్కువ చేసుకున్నాడు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైతే తిరిగి చూశాను. అవ్వ లేచి ఆ కుడి పక్క టేబులు దగ్గరికి పోయింది. ఆకుపచ్చ పట్టుచీర, కమ్మలు, దువ్వి ముడేసిన జుట్టు. వంగి, మెల్లగా, ఎంతో మర్యాదగా అడిగింది.

"జర పళ్లెం లేపుండ్రి బిడ్డా."

ఆ చివరాయన ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమె వైపు చూడలేదు. ఎంగిలి పళ్లేన్ని ఎత్తి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన పక్కనున్నామె తన పళ్లేన్ని దాని మీద పెట్టి, గ్లాసులో మిగిలిన నీళ్లు అందులో ఒంపి, "ఈడ గూడ జర తుడువు" అంది. ఆమె కూడా తలెత్తలేదు. ఎదుట నిలబడ్డది ఎవరో చూడాల్సిన అవసరం వాళ్లిద్దరికీ కలగలేదు. వంగిన ముసలి ఆడమనిషి, చాచిన చెయ్యి, అంతే చాలింది. చీర ఏం చీరో, కమ్మలు ఏం కమ్మలో అక్కర్లేదు.

అవ్వ ఆ పళ్లేలు పట్టుకుని నిలబడిపోయింది. ఒంపిన నీళ్లు అంచు మీంచి కారి చీర కుచ్చిళ్ల మీద పడుతున్నాయి. ఇంతలో పక్కింటి పెద్దమ్మ లేచి వెళ్లింది. అవ్వ చేతిలోని పళ్లేలు అందుకుని టేబులు చివర పెట్టింది. గ్లాసులు ఒక్కొక్కటే పక్కకు జరిపింది. అవ్వ మొదటి కాగితం తీసి, ఎముక దులిపి, కొంగుతో ముఖం మీది మసాలా తుడిచి, మడిచి చంకలో పెట్టుకుంది. రెండోదానికి చెయ్యి చాచింది.

నేను కౌంటరు దగ్గరే ఉన్నాను. మధ్యలో పది అడుగులు కూడా లేవు. ఆమె మా అవ్వ అని ఆ టేబులుకు, ఆ హోటలుకు వినబడేట్టు ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. అంటే వాళ్లు తలెత్తి ఆమెను చూస్తారు, తర్వాత కాగితం చూస్తారు, కింద అక్షరాలు చదువుతారు, తర్వాత నన్ను చూస్తారు. కాలేజీ చదువు, ప్రెస్సు, మేడం అన్న పిలుపు అన్నీ పక్కకు జరిపి నన్ను ఆ అక్షరాలతో చూస్తారు. నాకు భయమేసింది. ఇన్నేళ్లు తలుపు వేసుకుని బట్టలుతికిన ఆమెను చూసి నవ్వుకున్న నేను, నోరు మూసుకుని నిలబడ్డాను.

ఆమె నాలుగు కాగితాలూ తీసింది. నాలుగోది తీసేదాకా నేను కదల్లేదు.